చేపు

సలోమికి తల్లి చేతి ముద్ద నలభయ్యో ఏట దొరికింది.

ఆదివారం మధ్యాహ్నం. గుళ్ళో ప్రార్థన ముగించుకుని తల్లీకూతుళ్ళు కంపెనీ క్వార్టర్సుకి వచ్చారు. రాహేలమ్మ చీర కూడా మార్చుకోకుండా పొయ్యి వెలిగించి, గోంగూర వేసి పెద్దకూర వండింది. సలోమి ఒక చేత్తో ఫోను చూసుకుంటూ ఇంకో చేత్తో మెతుకులు కెలుకుతుంటే ఎదురుగా వచ్చి కూర్చుంది. కంచం తన ముందుకి లాక్కుని, కలిపి, ముద్ద చేసి కూతురి నోటి దగ్గర పెట్టింది.

"ఏందే అట్టా గుడ్లప్పగించి చూస్తావు? నోరు తెరువు. ఎంత చిక్కిపోయావో చూసుకున్నావా అసలు!"

సలోమి నోరు తెరిచింది. ముద్ద నోట్లోకి పోయింది. ఎవరైనా చూస్తే ఎంత ముచ్చటపడేవాళ్ళో! ఆమెకి మాత్రం సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ ముద్ద వెనకనున్న ప్రేమ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకి తెలుసు. నీలం డబ్బాల్లో, మూత బిగించుకుని, తన ప్రయోగశాల నుంచే వచ్చింది.

రాహేలమ్మ అలాంటి మనిషి కాదు. మొగుడు పాముకాటుకి పోయాక ఒక్క గేదెని పెట్టుకుని పిల్లని చదివించింది. చదివించడమంటే చదివించడమే, ముద్దుచేయడం అందులో లేదు. జ్వరమొస్తే మాత్ర మింగించేది, తల నిమిరేది కాదు. క్లాసులో ఫస్టొచ్చానని పరిగెత్తుకొస్తే, "వస్తే వచ్చావులే, ముందు ఆ పేడ ఎత్తు" అనేది. పాలన్నీ పాలకేంద్రానికి పోయేవి. ఇంట్లో పాలగిన్నె ఉండేది గానీ పాలుండేవి కావు.

సలోమికి ఏడేళ్ళప్పుడు ఆ గేదె దూడ చచ్చిపోయింది. దూడ లేకపోతే గేదె చేపదు. పొదుగు నిండా పాలున్నా బిగబట్టుకుంటుంది, చుక్క వదలదు. రాహేలమ్మ దూడ చర్మం ఒలిపించి, ఉప్పు పట్టించి ఎండబెట్టి, లోపల వరిగడ్డి కుక్కి కుట్టింది. నాలుగు కర్రలు కాళ్ళుగా పెట్టి తల్లి ముందు నిలబెట్టింది. గేదె వాసన చూసింది. నాలుక చాపి ఆ గడ్డిదూడని నాకడం మొదలుపెట్టింది. కాసేపటికి పొదుగు చేపి, పాలు ధారలు కట్టాయి. గుంజ పక్కన నిలబడ్డ సలోమి వెక్కి వెక్కి ఏడ్చింది. పాపం, గేదె మీద జాలి అనుకున్నారు చూసినవాళ్ళు. జాలీ లేదు, పాడూ లేదు. గడ్డిదూడ మీద కుళ్ళు. దాన్నైనా ఒకరు నిమురుతున్నారు!

పెద్దయ్యాక పశువైద్యం చదివి, ఆ పైచదువులూ చదివి, సలోమి కనిపెట్టింది ఆ గడ్డిదూడనే. కాకపోతే ఈసారి మేతలో కలిపే పొడిగా కనిపెట్టింది.

*

ఆ కంపెనీ మాంసం ఎగుమతి చేస్తుంది. వట్టిపోయిన ముసలి గేదెలు లారీల్లో వస్తాయి, డబ్బాల్లో ఓడెక్కి పోతాయి. యజమాని కోదండపాణి గారికి వెల్లుల్లి వాసన కూడా పడదు. తానమ్మే సరుకు జన్మలో రుచి చూసినవాడు కాదు. అయినా విదేశాల వాళ్ళు సరుకు వెనక్కి కొట్టినప్పుడల్లా ఆయనకే ముందు కడుపులో మంట లేస్తుంది.

ఒకనాడు సలోమి ఆయన బల్ల మీద రెండు పళ్ళేలు పెట్టింది. ఒక దాంట్లో మాంసం ఎర్రగా నిగనిగలాడుతోంది. రెండో దాంట్లో నల్లగా, జిగటగా, చెప్పు అట్టలా ఉంది. కోదండపాణి గారు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు.

"రెండూ ఒక్క లారీలో వచ్చినవేనండి," అంది సలోమి. "ఈ నల్లది బెదిరి చచ్చింది. ఈ ఎర్రది బెదరకుండా చచ్చింది. బెదిరితే కండలో దాచుకున్న చక్కెరంతా కరిగిపోతుంది. ఇక ఎంత మంచి తవుడు పెట్టినా, ఎంత తెలగపిండి పెట్టినా బూడిదలో పోసినట్టే."

"కబేళాకి వచ్చి బెదరకుండా ఎలా ఉంటుందమ్మా?"

"అప్పుడే ఈనిన గేదెని ఎప్పుడైనా చూశారా? దూడ తప్ప దానికి లోకం ఉండదు. పక్కన లారీ టైరు పేలినా చెవి కదపదు. ఆ ఘడియని నేను దాని బుర్రలో పుట్టించగలనండి."

అదీ ఆ పొడి కథ. అది తిన్న గేదె, పళ్ళూడిన ముసలిదైనా సరే, తాను ఇప్పుడే ఈనాననుకుంటుంది. మేత పెట్టిన చేతి వాసన తన దూడ వాసన అనుకుంటుంది. ఆ చెయ్యి ఎటు పోతే అటు పోతుంది. పొడికి జున్నుపాల వాసన ఉండేది కాబట్టి పనివాళ్ళు దానికి జున్నుమందు అని పేరు పెట్టుకున్నారు.

మొదట్లో మందు బెడిసికొట్టింది. పొద్దున ఒకడు మేత వేసేవాడు, సాయంత్రం షిఫ్టు మారి ఇంకొకడు వేసేవాడు. గేదెలు రెండో వాణ్ణి చూసి, దూడ తప్పిపోయిన తల్లుల్లా అరిచి అరిచి గుంజలు పెరికేవి. మాంసం ముందుకన్నా నల్లబడింది. ఒకే చెయ్యి కావాలి. రోజూ ఉండే చెయ్యి, గేదెలకి నచ్చే చెయ్యి కావాలి.

అలాంటి చెయ్యి సలోమి ఇంట్లోనే ఉంది. క్వార్టర్సుకి వచ్చినప్పటినుంచీ రాహేలమ్మది ఒకటే గోల. "టీవీ చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి. ఈ నాలుగు గోడల మధ్య నాకు పిచ్చెక్కేటట్టుందే. ఏదన్నా పని చూపెట్టు."

నిజం చెబితే రాదని సలోమికి తెలుసు. తినడానికి వాళ్ళింట్లో అడ్డేమీ లేదు. రాహేలమ్మ చేసిన ఎండు తునకల రుచి పేటంతా ఎరుగుదురు. కానీ మేపిన చేతికీ కోసే చేతికీ మధ్య ఎడం ఉండాలంటుంది. ముసలిదైన గేదెని బేరగాడికి అమ్మిన రోజు పలుపు విప్పి తన దగ్గరే ఉంచుకునేది. కొన్నవాడు తన తాడు తానే తెచ్చుకోవాలి. "నా తాడుతో నా బర్రె చావుకి పోగూడదు" అనేది. తరవాత కొన్నాళ్ళు ఎవరితోనూ మాట కలిపేది కాదు.

అందుకని సలోమి అబద్ధం ఆడింది. "వట్టిపోయిన బర్రెల్ని మళ్ళీ పాలకి తెచ్చే మందు కనిపెట్టానమ్మా. నువ్వొచ్చి మేత పెడితే చాలు."

రాహేలమ్మ మొహం వెలిగిపోయింది. "నా తల్లే! ఎంతమంది కొంపలు నిలబెడతావే!" అని కొంగు బిగించింది.

*

"చేతులకి ఈ తొడుగులు వేసుకోమ్మా. మందు చర్మంలోంచి లోపలికి పోతుంది," అని సలోమి మొదటి రోజే చెప్పింది. చెప్పలేదని అనడానికి లేదు. రాహేలమ్మ వేసుకుంది కూడా. రబ్బరు వాసన తగలగానే గేదెలు మూతి తిప్పేసుకున్నాయి. ఆమె విసుక్కుని, తొడుగులు ఊడబెరికి గోడ మీద పడేసి, తవుడూ మందూ నీళ్ళతో కలిపి ఒట్టి చేతులతో ముద్దలు చేసి పెట్టింది. గేదెలు ఆవురావురుమని తిన్నాయి.

సలోమి కిటికీ అద్దంలోంచి చూసింది. తలుపు తీసి ఒక్క కేక వేస్తే అయిపోయేది. వెయ్యలేదు. ఇవ్వాళ్టికి పోనీలే అనుకుంది. రెండో రోజూ అలాగే అనుకుంది. ఆ తరవాత అనుకోవడం కూడా మానేసింది.

వారం తిరిగేసరికి రాహేలమ్మ గేదెలకి పేర్లు పెట్టింది. చుక్క, వంకరకొమ్ము, మాలచ్చి, చెవిటిది. పాకలో లాలిపాటలు పాడుతోందని కాపలావాడు చెబితే సలోమి నమ్మలేదు. వాళ్ళమ్మ లాలిపాట ఆమె ఎన్నడూ విని ఎరగదు. వెళ్ళి వింది. తలుపు చాటున నిలబడి పాటంతా వింది.

ఒక సాయంత్రం ప్రయోగశాల నుంచి రాగానే రాహేలమ్మ నూనెగిన్నెతో ఎదురొచ్చింది. "ఇట్టా కూర్చో. ఆ జుట్టేంది పీచులాగా!"

సలోమి తల్లి మోకాళ్ళ మధ్య నేలమీద కూర్చుంది. గోరువెచ్చని నూనె మాడు మీద పడింది. వేళ్ళు మెల్లగా జుట్టులోకి దిగాయి. ఈ చేతులేనా, చిన్నప్పుడు పేలు చూస్తూ మొట్టికాయలు వేసినవి? ఆమెకి తెలియకుండానే కళ్ళు మూతపడ్డాయి. ఆ వేళ్ళకి ఇంకా జున్నుపాల వాసన ఉంది.

అప్పుడే తెలిసింది ఆమెకి. ఆ మందు సంగతి ఆమెకన్నా తెలిసినవాళ్ళెవరు గనక? మందు తల్లి ఒంట్లోకి ఎక్కింది. తల్లి బుర్రలో కూడా ఆ ఘడియ పుట్టింది. ఎదురుగా ఉన్న కూతురు, నెరుస్తున్న జుట్టుతో, కళ్ళజోడుతో, అప్పుడే పుట్టిన పసిగుడ్డులా కనపడుతోంది.

తల్లి రక్తం ఒక్క బొట్టు తీసి చూస్తే చాలు, మందు ఎంత ఎక్కిందో తేలిపోతుంది. సిరంజి చేతి సంచిలోనే ఉంది. సలోమి తీయలేదు. తీస్తే తెలుస్తుంది. తెలిస్తే ఆపాలి. ఆపితే ఈ వేళ్ళు ఆగిపోతాయి.

"ఇంకాస్త రాయమ్మా," అంది. అన్నందుకు ఆమె మీద ఆమెకే అసహ్యం వేసింది. అయినా తల వెనక్కి వాల్చింది.

*

ఆ నెలలో గేదెలు చేపాయి. ఏళ్ళ తరబడి వట్టిపోయి, చర్మం వేలాడుతున్న పొదుగులు గట్టిపడి, రాహేలమ్మ పాకలోకి అడుగు పెట్టగానే బొట్లు బొట్లుగా పాలు కార్చడం మొదలుపెట్టాయి. ఆమె సంబరం చూడాలి! పాకలోంచి క్వార్టర్సు దాకా పరిగెత్తుకొచ్చింది.

"చేపాయే! మాలచ్చి చేపింది! పళ్ళు లేవు దానికి, ఈ వయసులో పాలిస్తందే! నీ చెయ్యి బంగారం గాను!"

వెనక్కి పోయి గ్లాసుతో తిరిగొచ్చింది. పాలు నురగలు కక్కుతున్నాయి. "తాగు. చిన్నప్పుడు నీకొక్క చుక్క పొయ్యలా నేను. అది గుర్తొస్తే నాకు పేగు కదిలిపోతంది. తాగమ్మా, నా ఎదురుగా తాగు."

తల్లి నోట ఆ మాట కోసం సలోమి ఎన్నేళ్ళు ఎదురుచూసిందో! ఆ పాలనిండా తన మందే ఉంది. "వేడిగా ఉన్నాయమ్మా, చల్లారనీ," అని లోపలికి తీసుకెళ్ళి, చప్పుడు వినపడకుండా కుళాయి తిప్పి, సింకులో పారబోసింది. ఖాళీ గ్లాసు తెచ్చి చూపించి, మూతి కూడా తుడుచుకుంది. రాహేలమ్మ మురిసిపోయింది.

మాంసం సంగతి చెప్పనక్కరలేదు. వెన్నలా కోసుకుపోతోంది. వారానికి ఒకటి రెండు గేదెల్ని విప్పి కబేళాకి తోలేవాళ్ళు. అవి రాహేలమ్మ లేనిదే కదలవు కదా! దానికీ సలోమి దగ్గర ఉపాయం ఉంది. ఇల్లాలి చెయ్యి మరిగిన గేదె ఆమె ఊరెళితే ఇంకెవరికీ పాలివ్వదు. మొగుడు ఆమె విడిచిన చీర చుట్టుకుని పొదుగు కింద కూర్చుంటాడు. ఆ వాసనకి గేదె మోసపోతుంది. పల్లెల్లో అందరూ చేసేదే, చూసి నవ్వుకునేదే. సలోమి తల్లి విడిచిన ఆకుపచ్చ చీర బట్టలబుట్టలోంచి తీసుకెళ్ళి కబేళాలో ఇచ్చింది. పనివాడు దాన్ని చుట్టుకుని ముందు నడిచేవాడు. గేదె వెనకాలే పోయేది. ఇక్కడ నవ్వేవాళ్ళెవరూ లేరు.

"వంకరకొమ్ము ఏదే?" అనడిగేది రాహేలమ్మ, ఖాళీ గుంజ చూసి.

"పాలకొచ్చిందిగా, రైతొచ్చి తోలుకుపోయాడమ్మా."

"ఓ మాట చెప్తే పలుపన్నా తీసి ఉంచుకునేదాన్ని." కాసేపాగి, "నా ఆకుపచ్చ చీర కనపడట్లా. నువ్వేమన్నా చూశావా?" అనేది.

"లేదమ్మా."

కబేళాలో పెద్ద కసాయి మస్తాను. ఒక పశువు కళ్ళెదుట ఇంకోదాన్ని కొయ్యడు, కత్తి కనపడనివ్వడు, అంత నియమం ఉన్నవాడు. ఒకసారి సలోమిని పక్కకి పిలిచాడు. "మేడమ్, నేల మీద చూడండి." సిమెంటు నేల మీద పాలు కాలవ కట్టి మురుగు జాలీలోకి పోతున్నాయి. "ఇన్నిటిని కోశాను, ఇట్టాంటిది చూళ్ళా. నాకు చెయ్యి ఆడట్లేదు మేడమ్."

సలోమి ఏదో గొణిగి వచ్చేసింది. ఆ రోజు తల్లి పెట్టిన ముద్దలు లెక్కపెట్టకుండా తింది.

*

విదేశాల నుంచి కొనుగోలుదార్లు దిగిన రోజు పాకలో ఉన్న గేదెలన్నిటినీ ఒకేసారి తోలాలని కోదండపాణి గారి పట్టు. "గేదెల మంద మొత్తాన్నీ కళ్ళారా చూడనివ్వమ్మా. ఒప్పందం కుదిరితే ఊరూరా ఆడవాళ్ళని పెట్టి మేపిద్దాం. బీదవాళ్ళు, పని దొరికితే చాలంటారు. మీ అమ్మగారిలాగే ఒట్టి చేతులతో పెడతారు."

ఆ ఆఖరి మాట సలోమి చెవిలో ముల్లులా దిగింది. అయినా పాక వైపు నడిచింది.

గేదెల్ని విప్పారు. గోడలు కట్టిన వంకర సందులోంచి ఒకదాని వెనక ఒకటి పోవాలి. ఆకుపచ్చ చీర చుట్టుకుని పనివాడు ముందు నిలబడ్డాడు. చుక్క వచ్చి చీర వాసన చూసింది. ఇన్ని వారాల్లో ఆ చీరకి రాహేలమ్మ వాసన పోయి నెత్తురు వాసన పట్టింది. చుక్క తల విదిలించి వెనక్కి తగ్గింది. మోర పైకెత్తి అరిచింది. ఇక అన్నీ అందుకున్నాయి. ఆ అరుపు క్వార్టర్సు దాకా వినపడేలా ఉంది. పైన అద్దాల గదిలో కొనుగోలుదార్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఏమిటమ్మా ఇది!" కోదండపాణి గారు నుదురు తుడుచుకున్నారు. "కర్ర పట్టుకుంటే అంతా పాడైపోతుంది. మీ అమ్మగారిని పిలిపించు. నాలుగడుగులు ముందు నడిస్తే చాలు. సందు వంపు దగ్గర పక్కతలుపు ఉంది, అందులోంచి బయటికి తీసుకొచ్చేద్దాం. ఆవిడకేమీ తెలియదు."

తెలియదు. అవును. ఆ మాటే సలోమి కూడా అనుకుంది. అనుకుని, తానే క్వార్టర్సుకి వెళ్ళింది.

రాహేలమ్మ అన్నం తింటోంది. "అమ్మా, బర్రెలు నీకోసం అరుస్తున్నాయి. కొత్త పాకలోకి మార్చాలి. నువ్వు ముందు నడిస్తే గాని రావట."

రాహేలమ్మ చేతిలో ముద్ద కంచంలో వదిలేసి లేచింది. చెయ్యి సగమే కడుక్కుంది. "వినపడతానే ఉంది నాకు. పానం ఉసూరుమంటంది. పద పద. నువ్వు పిలిస్తే రానా?"

దారి పొడుగునా కూతురి చెయ్యి పట్టుకునే నడిచింది. సలోమి ఆ చెయ్యి విడిపించుకోలేదు. ఎక్కడికి తీసుకుపోతోందో చెప్పనూ లేదు. నలభై ఏళ్ళ మనిషి సిగ్గు లేకుండా తల్లి చెయ్యి పట్టుకుని, ఆ తల్లిని కబేళా సందు మొదట్లో నిలబెట్టి, మేడ మెట్లెక్కి అద్దాల గదిలోకి పోయింది.

"రండే, రండి, నా తల్లుల్లారా," అంటూ రాహేలమ్మ నడిచింది. అరుపులు టక్కున ఆగిపోయాయి. గేదెలు తలలు వంచి, మూతులు ఆమె వీపుకి ఆనించి, వరసగా కదిలాయి. పొదుగుల నుంచి పాలు కారుతున్నాయి. గదిలో ఎవరో చప్పట్లు కొట్టారు.

వంపు దగ్గర పనివాడు పక్కతలుపు తీసి, "ఇటు రా అమ్మా," అన్నాడు. రాహేలమ్మ అటు తిరిగింది. అంతలో గోడకున్న మేకు మీద ఆమె చూపు పడింది. పనివాడు విప్పి తగిలించిన తన ఆకుపచ్చ చీర. అంచంతా నెత్తురు కట్టి గట్టిపడి ఉంది. దాని పక్కనే పలుపులు వేలాడుతున్నాయి. వంకరకొమ్ముకి ఆమె స్వయంగా పేనిన ఎర్రపీలిక పలుపు కూడా వాటిలో ఉంది.

ఆమె పక్కతలుపులోకి పోలేదు. తిన్నగా ముందుకి పోయింది. సందు చివరనున్న తెర తొలగించింది. మస్తాను ఆమెని చూసి కత్తి వెనక్కి దాచుకున్నాడు. ఆమె వెనకాల చుక్క వచ్చి నిలబడి, ఆమె భుజం నాకింది.

రాహేలమ్మ ఆ గదంతా చూసింది. నేల చూసింది. తల పైకెత్తి పైగది అద్దాల వెనక కూతురి మొహం వెతుక్కుంది.

సలోమి అద్దం దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకుంది. శపిస్తుందనుకుంది. మన్ను ఎత్తి పోస్తుందనుకుంది. అలా చేసినా బాగుండేది.

మెట్లు దిగి పరిగెత్తింది. తల్లి ఎదురొచ్చింది. కళ్ళనుంచి నీళ్ళు ధారలుగా కారుతున్నాయి. ఎర్రపీలిక పలుపు చేతికి చుట్టుకుని ఉంది. రెండో చెయ్యి చాపి కూతురి చెంప తుడిచింది.

"మొహం వాడిపోయిందేందే? పొద్దుట్నించీ ఏమన్నా తిన్నావా?"

"అమ్మా, నన్ను తిట్టమ్మా."

"ఎందుకు తిట్టేది, నా బంగారు తల్లిని?" అంది రాహేలమ్మ. ఆగింది. "లోపల ఏదో భగ్గున మండతంది. నీ మొహం చూడంగానే ఆరిపోతంది. మళ్ళీ మండతంది, మళ్ళీ ఆరిపోతంది. కోపం రావాలి కదే నాకు? ఎందుకు రావట్లా? నాకేమయిందే సలోమీ?"

సలోమి అక్కడే, ఆ పాల నేల మీదే కూలబడింది. జున్నుమందు గురించి, తొడుగుల గురించి, సింకులో పోసిన పాల గురించి, జుట్టుకి రాసిన నూనె గురించి, అన్నీ చెప్పింది. వింటున్నంతసేపూ రాహేలమ్మ ఆమె తల నిమురుతూనే ఉంది. ఆపుదామని చూసింది గానీ చెయ్యి ఆగలేదు.

తరవాత సలోమి లేచి, తల్లిని తీసుకుని అద్దాల గదిలోకి పోయింది. కొనుగోలుదార్ల ఎదుట తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, మందు మనుషుల ఒంట్లోకి ఎలా ఎక్కుతుందో, తాను తెలిసి తెలిసి ఎలా ఎక్కనిచ్చిందో చెప్పింది. కోదండపాణి గారు, "ఈ అమ్మాయికి ఒంట్లో బాగాలేదు, ఏదో మాట్లాడుతోంది," అని అడ్డుపడబోయారు. వాళ్ళు అప్పటికే ఫైళ్ళు మూసేస్తున్నారు. మనుషులకి ఎక్కే మందు కలిసిన మాంసం కొని ఎవరమ్ముకుంటారు? ఆ మాట బయటికి పొక్కాక ఇంకెవరూ ఆ మందు జోలికి పోలేదు. ఇంకే ఊరి ఆడదీ దాంట్లో చెయ్యి పెట్టనక్కరలేకపోయింది. సలోమికి కూడా మళ్ళీ ఎవరూ ప్రయోగశాల తలుపు తియ్యలేదు.

*

ఒంగోలులో రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకున్నారు. మందు దిగిపోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో సలోమికి తెలియదు. గేదెల సంగతైనా తెలుసా అంటే, దిగేదాకా వాటిని ఎవరూ బతకనివ్వలేదు కదా, కాబట్టి అదీ సరిగ్గా తెలియదు.

మొదట్లో రాహేలమ్మ ముద్దలు పెట్టింది. ఏడుస్తూ పెట్టింది. సలోమి వద్దంటే ఇంకా ఏడ్చేది, అందుకని తినేది. కొన్నాళ్ళకి ముద్ద పెట్టబోయి, చెయ్యి మధ్యలో ఆపి, కంచం ముందుకి తోసింది. తరవాత నూనెగిన్నె అటకెక్కింది. ఆ తరవాత మాటలు తగ్గాయి. సలోమి రోజూ పొద్దున్నే తల్లి మొహం చూసేది, నాడి చూసినట్టు. చల్లబడుతోంది. మంచిదే, అనుకునేది. గుండె మాత్రం పట్టి లాగేది. మంచిదే, అని మళ్ళీ అనుకునేది.

ఒక మధ్యాహ్నం కూర మాడింది. పొయ్యి దగ్గర సలోమే ఉంది. రాహేలమ్మ లోపలికొచ్చింది, గిన్నె చూసింది, కూతురి వీపు మీద ఫెడీమని ఒకటేసింది.

"బుద్ధుందటే నీకు? కళ్ళెక్కడ పెట్టుకున్నావు?"

ఇక ఆనకట్ట తెగింది.

"తినేవాళ్ళమే! కాదన్నానా ఎప్పుడన్నా? మా అయ్య కోసేవాడు. కడుపుకి తిన్నాం, దాపరికం లేదు. చేపిన దాన్ని కోస్తారటే? బిడ్డ ముందుందని నమ్మి వచ్చినదాన్ని? ఆ బిడ్డగా నన్ను నిలబెడతావటే! నా చీర! నా చేతులు! నా చేతుల్తో నేనే..." గోడకానుకుని చతికిలబడింది. "మాలచ్చికి పళ్ళు లేవు. మెత్తగా పిసికి పెట్టేదాన్ని."

సలోమి ఎదురుగా నేలమీద కూర్చుంది. వీపు చురుక్కుమంటోంది. ఇన్నాళ్ళూ ఆ దెబ్బ కోసమే ఎదురుచూసింది. వచ్చాక హాయిగా ఉంటుందనుకుంది గానీ లేదు. పాత అమ్మ తిరిగొచ్చింది, అంతే. సిగ్గు ఎక్కడిదక్కడే ఉంది.

"అమ్మా, ఒకటడగనా?"

"ఏంది?"

"ఆ నెలలో... నాకు ముద్దలు పెట్టావు. తలకి నూనె రాశావు. చిన్నప్పుడు పాలు పొయ్యలేదని ఏడ్చావు." అడగకూడదని తెలుసు. అడగకుండా ఉండలేకపోయింది. "అదంతా మందేనా?"

రాహేలమ్మ గోడకి తగిలించిన ఎర్రపీలిక పలుపు వంక చూసింది. తన అరచేతులు తిప్పి చూసుకుంది.

"మందెంతో నేనెంతో నాకేం తెలుసే? మొద్దుని నేను. డాక్టరువి నువ్వు. నువ్వు చూసే ఉంటావుగా. నువ్వే చెప్పు."

నూనె రాసిన ఆ రోజు సలోమి సంచిలో సిరంజి ఉంది, తియ్యలేదు. ఒక్క బొట్టు రక్తం తీసి చూసి ఉంటే ఈ తల్లికి ఇవ్వాళ ఒక జవాబు ఉండేది. తల్లి తన ఒంట్లో ఏది తనదో ఏది కాదో తెలుసుకునే దారి కూడా సలోమే మూసేసింది. ఆమె తల దించుకుంది.

చెప్పదని రాహేలమ్మకి తెలిసిపోయింది. మోకాలు పట్టుకుని లేచి, మాడని కూర పైపైన తీసి, కంచంలో అన్నం పెట్టి కూతురి ముందు ఠప్పున పెట్టింది.

"చేతుల్లేవా నీకు? కలుపుకుని తిను."

సలోమి కలుపుకుని తింది.